సక్కుబాయి తెర, శుక్రవారం పూజ

గోపన్‌పల్లి నరేందర్‌కు ఒక జబ్బు ఉంది. డాక్టర్లకు దొరికే జబ్బు కాదు. ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా దాన్ని విప్పి, లోపల ఏదో ఒకటి మార్చి, మళ్లీ బిగించేదాకా ఆ మనిషికి అన్నం సహించదు. ఆయన స్కూటర్ బ్రేకు పట్టుకుంటే హారన్ మోగుతుంది. ఎట్లాగూ రెండూ ఒకేసారి చేస్తాం కదా అని ఆయన వాదన. ఇంట్లో ఫ్యాను ఒకటి మీద పెడితే గిర్రున తిరుగుతుంది, ఐదు మీద పెడితే కునుకు తీస్తుంది. ఆ వరసే చేతికి వీలట. భార్య రేఖ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిక్సీని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఆ తాళానికి కూడా ఆయన ఏదో చేసే ఉంటాడని ఆమె అనుమానం.

ఇలాంటి మనిషికి ఉద్యోగం ఎక్కడ దొరికిందయ్యా అంటే, నానక్‌రామ్‌గూడలో, ఏదీ మార్చకూడదని రూలున్న కంపెనీలో. పైగా ఆ రూలును కాపాడే పనే ఈయనది. కంపెనీలోని ప్రతి కంప్యూటర్లోనూ కంపెనీ భాండాగారంలో, అంటే వాళ్ల రిపోజిటరీలో, ఉన్న సాఫ్ట్‌వేరే ఉండాలి, అందులో ఉన్న వెర్షనే ఉండాలి. ఆ సంగతి చూసుకోవడానికి ప్రతి మిషన్‌లోనూ ప్యాకేజీ మేనేజర్ అని ఒకటి ఉంటుంది. పేరులో మేనేజర్ ఉంది కదా అని మనిషనుకునేరు. మనిషికి అంత మొండితనం రాదు. అదీ ఒక ప్రోగ్రామే. మిషన్‌లో ఏముందో చూస్తుంది, భాండాగారంలో ఏముందో చూస్తుంది, తేడా కనిపిస్తే మిషన్‌లోది పీకేసి భాండాగారంలోది పెడుతుంది. పీకేసింది బాగుందా, పెట్టింది బాగుందా అన్న గొడవ దానికి పట్టదు. చాలామంది అధికారులకు కూడా పట్టదనుకోండి, అది వేరే సంగతి.

నరేందర్ ఆ రూలును ఇంతకాలం బుద్ధిగానే కాపాడాడు. ఒక్కచోట తప్పాడు. అది వాళ్ల మేనత్త సక్కుబాయి కోసం.

గోపన్‌పల్లిలో ఎవరింట పెళ్లయినా, చావైనా పెద్ద వంట సక్కుబాయిదే. ఆమె పచ్చిపులుసు తిన్నవాళ్లు చేయి కడుక్కోవడానికి కాసేపు వెనకాడతారు. కంపెనీ క్యాంటీన్‌కు పెద్ద వంటామె కావాలని తెలిసి, నరేందరే ఆమెను క్యాంటీన్ మేనేజర్ భీమేశ్వరరావు దగ్గరికి తీసుకొచ్చాడు. భీమేశ్వరరావు గారిది కాకినాడ వైపు. మాట మెత్తన, భక్తి గట్టిది. సక్కుబాయి చేసిన పుంటికూర పప్పు ఒక ముద్ద తిని కళ్లు మూసుకుని, "మా అమ్మ గోంగూర పప్పే గుర్తొచ్చిందండి. రేపొచ్చి పొయ్యి దగ్గర నిలబడండి" అన్నాడు. అలా ఆమె పొయ్యి దగ్గర నిలబడింది. కూరగాయలు తరిగే మరియమ్మ ఆమెకు జత కలిసింది. చందానగర్ నుంచి వచ్చే ఈ మరియమ్మ చేతికన్నా నోరు ఎక్కువ ఆడుతుంది. శుక్రవారం మాత్రం పెందలాడే తరిగేసి ఉపవాస ప్రార్థనకు వెళ్లిపోతుంది కాబట్టి ఆ ఒక్కరోజు వంటింటికి కాస్త విశ్రాంతి.

అంతా బాగున్న రోజుల్లో కంపెనీ వంటింటి గోడకు ఒక తెర తెచ్చి బిగించింది. ఇంతకుముందు ఎవరికేం కావాలో కిటికీలోంచి అరిచి చెప్పేవారు. ఇక మీదట ఎవరి ఫోన్లో వాళ్లు నొక్కితే, ఆ ఆర్డరు తెర మీద పడుతుంది. పడేది ఇంగ్లీషులో. నరేందర్ గుండె గుభేలుమంది. అత్తమ్మకు తెలుగు తప్ప రాదే! ఆమె రాత్రిబడికి పోయి చదువు నేర్చుకోవడం చిన్నప్పుడు కళ్లారా చూశాడు. బ్యాంకులో ఆమె సంతకం గుండ్రంగా ముచ్చటగా ఉంటుంది. కానీ ఇంగ్లీషు?

ఆయన జబ్బు తిరగబెట్టింది. ఆ తెర వెనకుండే సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ సంపాదించాడు. దాన్ని విప్పాడు, ఆర్డర్లన్నీ తెలుగులో కనబడేలా మార్చాడు, తన ల్యాప్‌టాప్ మీదే మళ్లీ కట్టాడు. ఇలా సొంతంగా కట్టుకున్నదాన్ని వాళ్ల భాషలో లోకల్ బిల్డ్ అంటారు. ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి వంటింటి మిషన్‌లో పెట్టాడు. తెర మీద 'రాగి దోసె' అని తెలుగులో మెరవగానే అత్తమ్మను పిలిచి చూపించాడు.

"నీ కోసమే తెలుగుల పెట్టిన అత్తమ్మా. మంచిగుందా?"

సక్కుబాయి తెరను చూసింది, అల్లుడి మొహం చూసింది. "మస్తుగున్నది అల్లుడా," అని కొంగుతో కళ్లద్దుకుంది. నరేందర్ ఆ పూట లిఫ్టు ఎక్కకుండా మెట్లమీదే పైకి పోయాడు, అంత సంతోషం.

సోమవారం నుంచి గురువారం దాకా వంటిల్లు గడియారంలా నడిచింది. శుక్రవారం తిరగబడింది.

ఓట్స్ అడిగినవాడికి జొన్నరొట్టె వెళ్లింది. పాస్తా అడిగిన అమ్మాయికి సర్వపిండి వెళ్లింది. సలాడ్ అడిగిన ముగ్గురికీ పచ్చిపులుసు, అన్నం వెళ్లాయి, వాళ్లలో ఒకడికి మాత్రం ఎందుకో నెయ్యి కూడా వెళ్లింది. నరేందర్ పరుగున వచ్చి తెర చూస్తే ఇంగ్లీషు! తన బిల్డ్ మాయమై, భాండాగారంలోని పాతది వచ్చి కూర్చుంది. ప్యాకేజీ మేనేజర్ దాన్ని వెనక్కి దించేసిందన్నమాట. అనుకున్నంతా అయింది, అత్తమ్మ ఇంగ్లీషు చదవలేక తోచింది పంపేసిందని ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

భీమేశ్వరరావు గారికి మాత్రం వేరే కారణం తట్టింది. "కొత్త వస్తువు కదండి, పొద్దున బొట్టు పెట్టి హారతిచ్చినా దిష్టి తగిలింది," అన్నాడు. బొట్టు చాలలేదని మరుసటి శుక్రవారం తెరకు పసుపు, కుంకుమ పెట్టి అగరొత్తులు వెలిగించాడు. ఆ శుక్రవారమూ అంతే అయింది. ఆ పై శుక్రవారం నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. అంతే అయింది. చివరికి తెర మీదుగా ఒక బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు. మనుషులు వంగి నడవాల్సి వచ్చిందే తప్ప శుక్రవారం మారలేదు.

నరేందర్ తన పూజ తను చేశాడు. ప్యాకేజీ మేనేజర్లు పెద్ద వెర్షన్‌ను చూస్తే తగ్గుతాయని పేరు. అందుకని కంపెనీది నాలుగైతే తనదానికి తొంభైతొమ్మిది అని పేరు పెట్టాడు. శుక్రవారం అది తొంభైతొమ్మిదిని తీసి నాలుగు పెట్టింది, కళ్లార్పకుండా. తర్వాత తన ప్యాకేజీ మీద 'దీన్ని ముట్టుకోవద్దు' అని పట్టి ఉంచే గుర్తు వేశాడు. సోమవారం వేసి, అప్‌డేట్ నడిపి చూశాడు; ముట్టుకోలేదు. మంగళవారం ముట్టుకోలేదు. గురువారం సాయంత్రం కూడా తెర మీద తెలుగు నిక్షేపంగా ఉంది. శుక్రవారం మధ్యాహ్నానికి మళ్లీ నాలుగు.

ఇంతలో కబురు పిడుగులా పడింది. ఆఫీసు సదుపాయాలన్నీ చూసే కిరణ్ పాల్ భీమేశ్వరరావును పిలిచి చెప్పేశాడు. వచ్చే శుక్రవారం బయటి ఊళ్ల నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆ రోజు కూడా ఆర్డర్లు తప్పాయంటే సక్కుబాయిని పొయ్యి దగ్గర నుంచి తీసి అంట్లు తోమే తొట్టి దగ్గర పెట్టాలి. పొయ్యి దగ్గరికి కంపెనీయే మనిషిని పంపిస్తుంది.

సక్కుబాయి ఈ మాట విని గరిటె కడిగి, తుడిచి, మళ్లీ కడిగింది. నరేందర్‌కు తొట్టి దగ్గర అత్తమ్మను ఊహించుకోవడం చేతకాలేదు. ఊళ్లో వందమందికి వండిన చేయి.

ఆ శుక్రవారం వచ్చేలోగా ఆయన మిషన్ లోపలి రికార్డులు తిరగేశాడు. దొంగ దొరికాడు. మిషన్ ఆరి మళ్లీ వెలిగేటప్పుడు కంపెనీ పెట్టిన ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. 'పట్టి ఉంచిన గుర్తు ఉన్నా లేకున్నా భాండాగారంలో ఉన్నదే పెట్టు' అని అది ప్యాకేజీ మేనేజర్‌కు హుకుం ఇస్తుంది. బాగుంది, మరి శుక్రవారమే మిషన్ ఎందుకు ఆరి వెలుగుతోంది?

వెళ్లి భీమేశ్వరరావును అడిగాడు.

"నేనేనండి ఆపేది," అన్నాడాయన అమాయకంగా. "కరెంటున్న వస్తువుకి తడి కుంకం పెడితే షాక్ కొట్టదూ? స్విచ్చి తీసేసి, పూజ చేసి, హారతిచ్చి మళ్లీ వేస్తానండి."

నరేందర్ బుర్రలో లెక్క తేలింది. తెర దారి తప్పిందని పూజ, పూజ చేస్తే తెర దారి తప్పడం. ఈ మనిషి భక్తి పెరిగిన కొద్దీ తన బిల్డ్ పాతదైపోతోంది. కానీ ఆ మాట ఎలా చెప్పడం? బిల్డ్ సంగతి చెబితే ఉద్యోగానికి ముప్పు, పూజ వద్దంటే ఆయన మనసుకు ముప్పు. ఆలోచించి, ఆలోచించి అన్నాడు.

"సార్, గుడిల దీపం ఆర్పి హారతిస్తరా?"

భీమేశ్వరరావు చేతిలోని అగరొత్తుల కట్ట కింద పడింది. "ఎంత అపచారం చేశానండీ!" అని రెండు చెంపలూ వేసుకున్నాడు. ఇక మీదట వెలుగుతున్న తెరకే పూజ చేస్తానని, షాక్ కొడితే అది తన ప్రాప్తమని గుమ్మడికాయ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాడు.

అయినా నరేందర్ ఒట్లను నమ్ముకునే రకం కాదు. ఏ భాండాగారానికి ఎంత పెద్దరికం ఇవ్వాలో ప్యాకేజీ మేనేజర్‌కు విడిగా రాసిపెట్టే వీలుంది. కంపెనీ తన భాండాగారానికే పెద్దపీట వేసుకుంది. నరేందర్ ఈ ఒక్క ప్యాకేజీ విషయంలో తన బిల్డ్‌కు అంతకన్నా పెద్దపీట వేశాడు. పెళ్లికి ఎంతటి చుట్టమొచ్చినా పెళ్లికూతురి గంప పట్టేది మేనమామే కదా, అలాగ. అలా రాసిన ఫైలును ఎవరూ చెరపకుండా ఇంకో తాళం వేశాడు. తానే మిషన్ ఆపి, వేసి, ఆపి, వేసి చూశాడు. ప్రతిసారీ తెలుగే. జీవితంలో ఏ వస్తువునూ అంత గట్టిగా బిగించలేదు ఆయన.

శుక్రవారం వచ్చింది. పెద్దవాళ్లు వచ్చారు. భీమేశ్వరరావు వెలుగుతున్న తెరకు కళ్లు మూసుకుని బొట్టు పెట్టి, షాక్ కొట్టకపోయేసరికి ఆనందంతో ఇంకో బొట్టు పెట్టాడు. మధ్యాహ్నం దాటినా తెర మీద తెలుగు చెక్కుచెదరలేదు. 'ఓట్స్ 1. ఫ్రూట్ సలాడ్ 2. టోస్ట్ 1.' నరేందర్ భోజనాల హాల్లో కూర్చుని గ్లాసుడు మజ్జిగ తెప్పించుకున్నాడు.

మజ్జిగ గొంతు దిగకముందే కిటికీలోంచి ఫ్రూట్ సలాడ్ అడిగిన పెద్దమనిషికి జొన్నరొట్టె, పుంటికూర వచ్చాయి. ఆయన రొట్టెను వేలితో కొట్టి చూసి, ఇది ప్లేటా, తినేదా అని పక్కాయన్ని అడిగాడు. పక్కాయన మాత్రం టోస్ట్ అడిగితే పెరుగన్నం వచ్చిందేమిటా అని తన ఆలోచనలో తను ఉన్నాడు. కిరణ్ పాల్ మొహం ఎర్రబడింది.

నరేందర్ వంటింట్లోకి ఉరికాడు. తల గుమ్మడికాయకు ఠంగుమని తగిలింది. తెర చూశాడు. తెలుగే!

"అత్తమ్మా! తెలుగులనే ఉన్నది గదా! ఏం పంపుతున్నవే?"

సక్కుబాయి తెర వైపు చూడటంలేదు. కిటికీలోంచి మనుషుల మొహాలు చూస్తోంది. "ఆ పెద్దాయన రాతిరి నిద్రపోయినట్టు లేడు, కండ్లు ఉబ్బినయి. పెరుగన్నం మంచిది," అంది.

"నిన్ను మొఖాలు సూడమన్నదెవరు? తెర సదువు!"

ఆమె గరిటె కింద పెట్టింది. "ఇయ్యాల శుక్రారం గదరా. మరియమ్మ ప్రార్థనకు వోయింది."

"మరియమ్మకు, తెరకు ఏం సంబంధం?"

పొయ్యి మీద పప్పు బుడబుడమంటోంది. సక్కుబాయి మంట తగ్గించి, నెమ్మదిగా చెప్పింది. "ఆమెనే సదివి చెప్తది అల్లుడా. మొదటి సంది ఆమెనే. ఇంగ్లీషైనా సదువుతది, తెలుగైనా సదువుతది. చర్చోళ్ల మిషన్ దవాఖానల పనిజేసింది గదా."

"నీకు సదువొస్తది గదా! రాత్రిబడికి వోయినవు గదా!"

"సంతకం దాంక వోయిన. ఆడికే బడి బందయింది."

నరేందర్‌కు తొంభైతొమ్మిది కళ్ల ముందు తిరిగింది. పట్టి ఉంచిన గుర్తు, పెద్దపీట, తాళం మీద తాళం, అన్నీ తిరిగాయి. అత్తమ్మకు తెలుగూ ఒకటే, ఇంగ్లీషూ ఒకటే. ఇన్ని శుక్రవారాలు ఆయన ప్యాకేజీ మేనేజర్‌తో యుద్ధం చేశాడు, భీమేశ్వరరావు దిష్టితో యుద్ధం చేశాడు. అసలు కారణం మాత్రం వారం వారం చందానగర్‌లో మోకాళ్ల మీద కూర్చుని వీళ్లందరి క్షేమం కోసం ప్రార్థన చేస్తోంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలెరా? నీ కోసమే పెట్టిన అని పిలిచి సూపెడితివి. నీ మొఖం పెండ్లికొడుకు లెక్క ఎలిగిపోతుండె. నాకు సదువు రాదని ఏ నోటితోని చెప్పాలె?"

కోపం రావాలి, రాలేదు. సిగ్గేసింది. తన పనితనం చూసుకుని మురిసిపోయాడే కానీ, అత్తమ్మకు చదవడం వచ్చా అని ఒక్కసారైనా అడగలేదు. ఆలోచించే తీరిక కూడా లేదు, తెర మీద ఆర్డర్లు పేరుకుంటున్నాయి. "ఓట్స్ ఒకటి," అని పైకి చదివాడు. సక్కుబాయి ఓట్స్ గిన్నె అందుకుంది. "ఫ్రూట్ సలాడ్ రెండు. టోస్ట్ ఒకటి." ఒకదాని వెనక ఒకటి సరైన పళ్లేలు కిటికీలోంచి వెళ్లాయి. భీమేశ్వరరావు మూలన నిలబడి చేతులు జోడించాడు.

అప్పుడే కిరణ్ పాల్ లోపలికి వచ్చాడు, గుమ్మడికాయను తప్పించుకుంటూ.

"ఏం జరుగుతుందిక్కడ? రూట్ కాజ్ ఏంటి నరేందర్? తెరా, మనిషా?"

నరేందర్ తెర వైపు చూశాడు. దానిలో ఒక్క తప్పు లేదు. తన చేత్తో కట్టినవాటిలో ఇంత నికార్సయినది ఇంకోటి లేదు. స్కూటరూ కాదు, ఫ్యానూ కాదు. నిజం చెబితే ఇవాళ దానికి మంచి పేరొస్తుంది. తెర చదవలేని మనిషి మాత్రం తొట్టి దగ్గరికి పోతుంది. అత్తమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది.

"తెరే సార్," అన్నాడు నరేందర్. "కంపెనీది తీసేసి నా లోకల్ బిల్డ్ పెట్టిన. అది శుక్రవారం శుక్రవారం ఆర్డర్లు తారుమారు చేస్తున్నది. ఈమె తప్పేం లేదు. తెరల ఏం పడితే అది పంపింది."

అబద్ధం ఆడుతున్నంతసేపూ తన బిడ్డను పదిమందిలో దొంగ అన్నట్టే ఉంది ఆయనకు.

"పర్మిషన్ లేకుండానా?" కిరణ్ పాల్ గొంతు లేచింది. ఇక మీదట ఏమేం జరుగుతుందో అంతా చెప్పాడు. మెమో అన్నాడు, కొత్తగా చేరినవాళ్లతో కలిసి కూర్చుని రూల్స్ క్లాసు వినాలన్నాడు. చివర్లో భీమేశ్వరరావుతో, "ఆమెను పొయ్యి దగ్గరే ఉండనివ్వండి," అని, నరేందర్ వైపు తిరిగి, "నువ్వు మాత్రం నీ బిల్డ్ తీసెయ్. ఇప్పుడే, నా ముందే," అన్నాడు.

నరేందర్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. కంపెనీది పెట్టమన్నాడు. ప్యాకేజీ మేనేజర్ కుదరదంది. దీన్ని పట్టి ఉంచారంది. గుర్తు తీశాడు. అయినా కుదరదంది, పెద్దరికం దీనిదేనంది. ఆ రాత తీయబోతే ఫైలుకు తాళం ఉందంది. తను బిగించినవన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాడు. బిగించేటప్పటి కన్నా విప్పడం కష్టమైంది. అంతా అయ్యాక అది ఆఖరి ప్రశ్న వేసింది. పాత వెర్షన్‌కు దించుతున్నారు, నిజంగానేనా అని. ఇన్ని శుక్రవారాలు ఎవరినీ ఒక్క మాట అడగకుండా దించేసింది ఇదే!

అవునని నొక్కాడు. తెర ఒకసారి ఆరి, ఇంగ్లీషులో వెలిగింది.

"లోకల్ సరుక్కి దిష్టి తొందరగా తగులుతుందండి, నేను ముందే అనుకున్నాను," అన్నాడు భీమేశ్వరరావు జాలిగా.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం నరేందర్ సీట్లో లేడు. క్యాలెండర్లో ఆ గంటకు 'వంటింటి మెయింటెనెన్స్' అని రాసుకుని, పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెర మీద పడ్డది పడ్డట్టు అత్తమ్మకు తెలుగులో చదివి చెబుతున్నాడు. ఎక్కడా పొరపాటు లేదు. గుమ్మడికాయ మహిమని భీమేశ్వరరావు, కంపెనీ వెర్షన్ మహిమని కిరణ్ పాల్ ఎవరి తృప్తి వాళ్లు పడుతున్నారు.

కాస్త తెరిపి దొరికినప్పుడు సక్కుబాయి చేతులు తుడుచుకుంటూ తెర వైపు తల ఎత్తింది.

"అల్లుడా, గా అచ్చరాలు మార్చినవా?"

"మార్చిన అత్తమ్మా. నీకెట్ల తెలిసింది?"

"మొన్నటి దాంక సకినాల లెక్క గుండ్రగ, ముద్దుగ ఉంటుండె. ఇప్పుడు పొయ్యిల పుల్లలు పేర్చినట్టున్నయి." ఆమె ఇంకాసేపు అటే చూసింది. "నాకు సదువ రాకున్నా, పొద్దుగాల రాంగనే జర సేపు వాటినే సూస్తుంటి. నా అల్లుడు రాసిండని పానం మంచిగుంటుండె. ఎందుకు తీసేసినవురా?"

టింగుమని తెర మీద ఆర్డరు పడింది. నరేందర్ అటు తిరిగి, "ఓట్స్ ఒకటి, అత్తమ్మా," అన్నాడు. ఆమె "ఏందీ?" అంటే మళ్లీ చెప్పాడు.